మూడు గంటల మాస్టారు

ఒడిశాలోని బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం పాత విద్యార్థులంతా కలిసి, తమకు ఆరోగ్య న్యాయశాస్త్రం చెప్పిన పార్ట్ టైం అధ్యాపకుణ్ణి సత్కరించుకున్నారు. ఆ సభలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం. మాస్టారి కోరిక మీద ఎవరి పేర్లూ ఇవ్వలేదు.

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, ఇచ్ఛాపురం నుంచీ పర్లాకిమిడి నుంచీ బస్సెక్కి వచ్చినవారికీ, వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకూ నమస్కారం. ముందు వరసలో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. ముఖ్య అతిథుల కోసం ఉంచారట. ఏడు దాటింది, ఇంక వారు వస్తారని నాకు నమ్మకం లేదు. కూర్చోండి, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. డాక్టరు పది నిమిషాల్లో వస్తారు అంటే ఎంతసేపో, ఆసుపత్రి వరండాలో కూర్చున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఇక్కడ మాట్లాడినవారంతా మాస్టారి శిష్యులు. నేను కాను. మొదట్లో స్నేహితుణ్ణి కూడా కాను. ఆయన బోనులో నిలబెట్టి నీళ్లు తాగించిన సాక్షిని నేను.

సుమారు ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒక కొట్లాట కేసు. దెబ్బలు తిన్నవాడికి గాయాల సర్టిఫికెట్టు రాసింది నేను. కేసు విచారణకు వచ్చేసరికి నాలుగేళ్లు గడిచాయి. ఆయన లేచి, నల్లకోటు సర్దుకుని, ఎంతో మర్యాదగా, "డాక్టరు గారూ, మూడో వరస ఒక్కసారి చదివి వినిపిస్తారా?" అన్నారు. చూశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. విరిగింది కుడి చెయ్యో ఎడమ చెయ్యో తెలియడం లేదు. అది ఇంగ్లీషు ఆర్ అక్షరమా, ఎల్ అక్షరమా? రాసింది నేనే. చదవలేనిదీ నేనే. "మీరే చదవలేని కాగితం మీద నా కక్షిదారుడు జైలుకు వెళ్లాలా?" అన్నారు. జడ్జిగారు తల దించుకుని నవ్వు దాచుకున్నారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సాయంత్రం కోర్టు బయట టీ బడ్డీ దగ్గర నిలబడి ఉంటే, ఈయనే రెండు గ్లాసులు పట్టుకుని వచ్చారు. నేను మొహం తిప్పుకున్నాను. నిజం చెబుతున్నాను, తిప్పుకున్నాను. ఆయన ఏమీ పట్టించుకోకుండా, "రేపు ఉదయం ఏడున్నరకు లా కాలేజీలో నాకు క్లాసు ఉంది. మీరు వచ్చి, సర్టిఫికెట్టు ఎలా రాయకూడదో మా పిల్లలకు చెప్పాలి" అన్నారు. ఎవరైనా ఇలా పిలుస్తారా? పిలిస్తే ఎవరైనా వెళతారా? నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు. ఆ తరవాత ఏటా వెళుతూనే ఉన్నాను. ఆయన పార్ట్ టైం మాస్టారు, నేను ఆయనకు పార్ట్ టైం.

ఈ పార్ట్ టైం అనే మాట దగ్గర కాసేపు ఆగుతాను. వకీళ్లు క్షమించాలి, మీ చట్టం మీకే చెబుతున్నాను. ప్రాక్టీసు చేసే న్యాయవాది పాఠాలు చెప్పుకోవచ్చునా? చెప్పుకోవచ్చు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం కింద 1979లో నిబంధనలు చేశారు. రోజుకు మూడు గంటలు మించకుండా న్యాయశాస్త్రం బోధించవచ్చు. ఆ నిబంధనలోనే ఇంకో మాట ఉంది, అది నాకు మరీ ఇష్టం. మూడు గంటల లోపు అయితే, ఆ ఉద్యోగానికి ఏ పేరు పెట్టినా, ఎంత జీతం ఇచ్చినా, దాన్ని పార్ట్ టైం గానే లెక్కించాలట. ఎంత జీతం ఇచ్చినా! రాసినవారికి హాస్యప్రియత్వం ఉందో లేదో గానీ, జీతం ఎక్కువైపోతుందేమోనని వారికి దిగులు ఉన్నట్టుంది. మాస్టారి చేతికి ఎంత వచ్చేదో నేను చెప్పను. చెప్పవద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారు. అతిథి అధ్యాపకుడికి క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చునని, విశ్వవిద్యాలయాల బాగోగులు చూసే యూజీసీ 2019లో చెప్పింది. అది కాగితం మీది అంకె. కాగితం మీది అంకెకూ చేతిలోని అంకెకూ ఎంత దూరం ఉంటుందో, ఈ హాల్లో పార్ట్ టైం పనిచేసేవారు ఎవరైనా ఉంటే వారిని అడగండి.

సరే, ఆ మూడు గంటల్లో ఏం జరిగేది? ఇదే అసలు సంగతి. సన్మాన పత్రంలో "విశేష సేవలు" అని రాశారు, చూశాను. ఏ సేవలు? విశేషం ఏమిటి? చెప్పాలి కదా.

నేను వెళ్లిన తొలి ఏడాది ఒకనాడు 1995 నాటి శాంత కేసు చెబుతున్నారు. వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు చెప్పిన కేసు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి మాత్రం ఆ చట్టం కిందకు రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తే, ఉచితంగా చేయించుకున్నవాడు కూడా వినియోగదారుడే. నేను వెనక బెంచీలో కూర్చుని, హమ్మయ్య, మాది పూర్తిగా ఉచితం, మనం బయటపడ్డాం అనుకున్నాను. ఆయన నా మొహం చూశారు. "డాక్టరు గారూ, తొందరపడకండి, 1996 ఇంకా చెప్పలేదు" అన్నారు. క్లాసంతా వెనక్కి తిరిగి నన్నే చూసింది.

1996 అంటే ఏమిటి? పశ్చిమ బెంగాల్లో హకీం షేక్ అనే కూలి మనిషి 1992లో రైలు నుంచి జారిపడ్డాడు. తలకు దెబ్బ. కలకత్తాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి తరవాత ఇంకో ప్రభుత్వ ఆసుపత్రికి తిప్పారు. మంచం లేదు, వసతి లేదు. చివరికి ప్రైవేటులో చేరాడు. సుప్రీంకోర్టు ఏమన్నదంటే, అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాదనడమే, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదు అంది. 25,000 రూపాయలు పరిహారం ఇప్పించింది. మాస్టారు ఇది చదివి ఊరుకోలేదు. ఒక కుర్రవాణ్ణి లేపి, "నువ్వు డ్యూటీ డాక్టరువి. మంచాలు అన్నీ నిండాయి. రాత్రి రెండు గంటలు. ఇతను వచ్చాడు. ఏం చేస్తావు, ఏం రాస్తావు?" అన్నారు. ఏం రాస్తావు అన్న ప్రశ్న నేను నా మెడికల్ కాలేజీలో ఎన్నడూ వినలేదు. ఏం చేస్తావు అని అడిగారు, చాలాసార్లు. ఏం రాస్తావు అని అడగలేదు.

ఆయన డాక్టర్లకు వ్యతిరేకి అని ఈ ఊళ్లో ఒక మాట ఉండేది. ఉండేది కదా? తలలు ఊపుతున్నారు. ఆ మాట తప్పు. 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు ఆయన చెప్పినంత శ్రద్ధగా మా సంఘాలు కూడా మాకు చెప్పలేదు. రోగి చనిపోయినంత మాత్రాన డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు ఇంకో నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలి. "మీలో సగం మంది రేపు వచ్చే ఏడుపు చూసి కేసు పట్టుకుంటారు. ఏడుపు నిజమే. నిర్లక్ష్యం నిజమో కాదో కాగితాలు చూసి చెప్పండి" అనేవారు. ఆ కాగితాలు ఎలా తెచ్చుకోవాలో కూడా చెప్పేవారు. రోగి గానీ, అతని తరఫువారు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలో ఉంది. నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు. అప్పటికి సర్వీసులో ఎన్నో ఏళ్లు గడిచాయి.

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వస్తాను. ఈ సబ్జెక్టు ఢిల్లీలో చెప్పడం వేరు, బరంపురంలో చెప్పడం వేరు. మనది ఆంధ్ర సరిహద్దు ఊరు. ఇచ్ఛాపురంలో జ్వరం వస్తే ఇక్కడికి వస్తారు. ఉద్దానం నుంచి కిడ్నీ రోగులు ఎంతమంది వచ్చేవారో మా తరం డాక్టర్లందరికీ తెలుసు. సరిహద్దులోని గిరిసోల గేటు దాటితే రాష్ట్రం మారుతుంది, ఆరోగ్య కార్డు మారుతుంది, ప్రైవేటు ఆసుపత్రుల మీద చట్టం మారుతుంది. మనిషి మారడు, రోగం మారదు.

దీన్ని ఆయన పాఠంగా మార్చారు. శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర కొబ్బరిచెట్టు మీద నుంచి పడ్డ మనిషిని ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారు, చికిత్సలో తేడా జరిగింది అనుకోండి. కేసు ఎక్కడ వేయాలి? పాత చట్టం ప్రకారం ఆసుపత్రి ఉన్న చోటే వేయాలి, అంటే ఇక్కడే. ఒడియాలో కాగితాలు, వాయిదా వాయిదాకూ రైలు ఖర్చు, పని మానుకున్న కూలి. 2019లో వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం, ఫిర్యాదు చేసే మనిషి తాను నివసించే చోటే వేసుకోవచ్చు అంది. అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ఒక్క వాక్యం! పుస్తకంలో చదివితే ఆవలింత వస్తుంది. సరిహద్దులో బతికేవాడికి ఆ వాక్యం విలువ ఎంతో ఆయన రైలు టిక్కెట్ల లెక్క వేసి బోర్డు మీద చూపించారు. ఎందుకు చూపించగలిగారు? అంతకు ముందురోజు అలాంటి కక్షిదారుడే ఆయన ఆఫీసు బల్లకు ఎదురుగా కూర్చున్నాడు కాబట్టి. దినమంతా కాలేజీలోనే ఉండే అధ్యాపకుడు గొప్ప పండితుడు కావచ్చు, నేను కాదనను, కానీ ఆయన బల్ల ఎదురుగా ఆ కక్షిదారుడు కూర్చోడు.

ఇంకొకటి. ఆ 2019 చట్టం బిల్లుగా ఉన్నప్పుడు సేవల జాబితాలో "ఆరోగ్య సంరక్షణ" అనే మాట ఉంది. పార్లమెంటు దాటేసరికి ఆ మాట తీసేశారు. మా డాక్టర్లంతా మిఠాయిలు పంచుకున్నారు. మాస్టారు మాత్రం పిల్లలతో రెండు పక్షాలూ వాదింపజేసి, "మాట పోయినంత మాత్రాన అర్థం పోయిందా?" అని అడిగి వదిలేశారు. 2022లో సుప్రీంకోర్టు, మాట లేకపోయినా వైద్యం చట్టం కిందనే ఉంది అని తేల్చింది. మిఠాయిలు వృథా.

2020లో కరోనా వచ్చి సరిహద్దు గేటు మూసినప్పుడు ఏం చేశారో ఇక్కడున్న ఆ బ్యాచ్ పిల్లలకు తెలుసు. ఫోనులో క్లాసు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి చెప్పేవారు. ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది, అది అందరికీ తెలుసు. కానీ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగం పాకకుండా చూడడం, కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో 29వ అంశం. గేటు ఎవరు మూయాలి, ఎవరు తెరవాలి? బొంబాయి ప్లేగు కాలంలో, 1897లో, నాలుగు సెక్షన్లతో పుట్టిన అంటురోగాల చట్టం పట్టుకుని మనం 2020లో నెట్టుకొస్తున్నాం కదా, ఇది చాలునా? ఈ ప్రశ్నలు టీవీలో ఎవరూ అడగలేదు. డాబా మీద ఒక పెద్దమనిషి అడిగాడు.

సమ్మతి పాఠం చెప్పకపోతే నేను ఇక్కడి నుంచి కదలకూడదు. సమీరా కోహ్లీ కేసు, 2008. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మనిషికి, ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి దగ్గర సమ్మతి తీసుకుని గర్భసంచి తీసేశారు. ఆమెకు నలభై దాటాయి. సుప్రీంకోర్టు ఆ సమ్మతి చెల్లదంది. తన శరీరం గురించి తనకు చెప్పాలి, తనకు అర్థమయ్యేలా చెప్పాలి. ఇంతవరకూ అన్ని పుస్తకాల్లోనూ ఉంది. మాస్టారు ఇచ్చిన ఇంటిపని ఏ పుస్తకంలోనూ లేదు. ఒక ఆసుపత్రి సమ్మతి పత్రం నకలు తలా ఒకటి ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. "ఇది మీ ఇంట్లో అందరికంటే పెద్దవారికి, వారి భాషలో చెప్పండి. వారు అడిగిన ప్రశ్నలన్నీ రాసుకుని రండి. సంతకం అక్కరలేదు, ప్రశ్నలు కావాలి" అన్నారు.

తరవాతి వారం తెలుగు పిల్లలు వచ్చారు, ఒడియా పిల్లలు వచ్చారు. గజపతి జిల్లా కొండల మీది నుంచి వచ్చిన సవర అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె తెచ్చింది ఒకే ఒక ప్రశ్న. మత్తు మందు అనడానికి సవర మాట దొరక్క, నిద్రపుచ్చే మందు అని వాళ్ల నానమ్మకు చెప్పిందట. ఆ ముసలమ్మ, "మరి లేవకపోతే?" అన్నదట. మాస్టారు ఆ పత్రం పైకెత్తి, "ఈ ప్రశ్నకు జవాబు ఇందులో ఎక్కడ ఉందో వెతకండి" అన్నారు. అందరూ వెతికారు. నేనూ వెతికాను. నా సర్వీసులో అలాంటి పత్రాల మీద ఎన్ని వేలిముద్రలు వేయించి ఉంటానో లెక్క లేదు. ఇక్కడికి దగ్గరలోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులు గారు మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. నూరేళ్లు దాటిపోయింది. మా ఆసుపత్రి కాగితాలు ఇంకా ఇంగ్లీషు దిగలేదు.

సరే, గౌరవం సంగతి. మంచి పార్ట్ టైం అధ్యాపకుణ్ణి ఎలా గుర్తించాలి? అమెరికాలో ఇలాంటివారిని అడ్జంక్ట్ ప్రొఫెసర్లు అంటారు. అక్కడ ఆరోగ్య న్యాయశాస్త్రం చెప్పేవారందరికీ ఏటా ఒక సదస్సు, జే హీలీ అనే బోధకుడి పేరిట ఒక పురస్కారం కూడా ఉన్నాయి. మన దగ్గర ఈ సబ్జెక్టుకు అలాంటిది నేను చూడలేదు. ఉన్న దారి ఒకటి, 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్. తన రంగంలో పదిహేనేళ్ల అనుభవం ఉంటే చాలు, పెద్ద డిగ్రీలు లేకపోయినా ప్రొఫెసర్ అనిపించుకోవచ్చు. బాగుంది. కానీ మొత్తం నాలుగేళ్లు మించకూడదు. బోధన వృత్తిలో ఉన్నవారికీ, అందులో రిటైరైనవారికీ వర్తించదు. మరి మన మూడు గంటల మనిషి ఏ గదిలో కూర్చోవాలి? ఆయన లాయరా, మాస్టారా? ఇరవై రెండేళ్లు పాఠం చెప్పినందుకు ప్రొఫెసర్ కావడానికి అడ్డం వస్తుందా? ఇక్కడ వకీళ్లు చాలామంది ఉన్నారు, వాదించి తేల్చండి.

నాకు తోచినవి చెబుతాను. ఉత్తముణ్ణి ఎంచడానికి పిల్లల చేత మార్కుల కాగితాలు నింపిస్తారు. ఆ కాగితాల్లో మాస్టారికి ఎన్నడూ మంచి మార్కులు రాలేదు, తెలుసా? నోట్సు ఇవ్వరు, గైడు చెప్పరు, కోర్టుకు రమ్మంటారు. కాలేజీ వదిలి అయిదేళ్లయిన పిల్లలను అడగండి. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి పోయి కొత్త భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు, దెబ్బ తిన్నవాడు ఇన్ని రోజులు నొప్పితో బాధపడితే, లేదా తన పనులు చేసుకోలేకపోతే అది తీవ్రమైన గాయం అనే లెక్కలో పాత ఇరవై రోజులు పోయి పదిహేను రోజులయ్యాయని, తమ కక్షిదారుడి మీద పడకముందే ఎంతమందికి తెలుసో అడగండి. ఆయన శిష్యులకు తెలుసు. ఆ వారమే ఆయన ఫోను చేసి నాకు కూడా చెప్పారు, నేను రిటైరైపోయానని మరచిపోయి.

ఇచ్చేది కూడా చూడండి. శాలువాలు ఆయన ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. అమ్మగారు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. ఆయన పేరు టైం టేబుల్లో "అతిథి" అని పడుతుంది. ఇరవై రెండేళ్లుగా అతిథి! పేరు పెట్టి రాయండి. పాఠ్యప్రణాళిక నిర్ణయించే సమావేశంలో ఆయనకు కుర్చీ వేయండి. ఇవ్వాల్సిన డబ్బు ఆ నెలకు ఆ నెల ఇవ్వండి, ఏడాది చివర మూటగట్టి ఇవ్వడాన్ని గౌరవం అనరు. ఆయన దగ్గర నోటు పుస్తకాలు ఉన్నాయి, సరిహద్దు కేసులన్నీ పేర్లు లేకుండా రాసుకున్నవి, ఇంటిపని ప్రశ్నలన్నీ అంటించుకున్నవి. వాటిని టైపు చేయించి మూడు భాషల్లో వేయండి. ఖర్చులో నా పెన్షన్ వాటా ఇప్పుడే చెబుతున్నాను, రాసుకోండి. ఈ ఒక్కటి చేయకపోతే, ఆయన తరవాత వచ్చే పార్ట్ టైం మనిషి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం. 2024 జనవరిలో, ఒక పాముకాటు మృతి కేసులో, ఒరిస్సా హైకోర్టు డాక్టర్ల చేతిరాత మీద మండిపడింది. పోస్టుమార్టం రిపోర్టులూ మందుల చీటీలూ పెద్ద అక్షరాల్లో గానీ, చదవడానికి వీలుగా గానీ రాసేలా డాక్టర్లకు చెప్పమని ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని ఆదేశించింది. పొద్దున్నే ఫోను. "డాక్టరు గారూ, హైకోర్టు మీ గురించే రాసింది" అన్నారు.

అందుకని నేను శాలువా తేలేదు. ఆనాటి సర్టిఫికెట్టు నకలు తెచ్చాను. పేరూ ఊరూ కొట్టేశాను, లేకపోతే రోగి గోప్యత మీద ఇక్కడే ఇంకో క్లాసు మొదలుపెడతారు. కింద పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ ఒడియాలోనూ తిరగరాశాను. ఎడమ చెయ్యి మాస్టారూ. ఎడమ చెయ్యే. ఆ రాత్రి ఇంటికి వెళ్లి పాత రిజిస్టరు తిరగేస్తే తెలిసింది. మీకు చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. తప్పులు ఉంటే దిద్దండి. బుధవారం ఏడున్నర క్లాసుకు రమ్మన్నారు కదా, అప్పుడు తీసుకుంటాను.